మత్తుమందు, మేనమామ, ఒక జన్యువు

మా ఆదివారం తరగతిలో ఏటా ఒకసారి వంశవృక్షం పాఠం వస్తుంది. పిల్లలు పెద్ద అట్టమీద చెట్టుబొమ్మ వేసి, కొమ్మకొక చుట్టం పేరు రాసుకొస్తారు. అమెరికాలో పుట్టిన పిల్లలకి ఈ పాఠంతో ఒక చిక్కు ఉంది. వాళ్ళకి పెదనాన్న అంకులే, బాబాయి అంకులే, మేనమామ అంకులే, పాట్‌లక్‌కి వచ్చిన పక్కవీధి ఆయనా అంకులే. కిందటేడు ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, వీళ్ళందరికీ ఇన్ని పేర్లు ఎందుకు? ఒకటి చాలదా?" అని అడిగేసింది. సంస్కృతి, సంప్రదాయం అంటూ నాలుగు మాటలు చెప్పి తప్పించుకున్నాను. ఆ జవాబు నాకే రుచించలేదు. కారు నడుపుకుంటూ ఇంటికి వస్తుంటే మా చిన్న మామయ్య గుర్తుకొచ్చాడు. ఆ పిల్లకి చెప్పి ఉండవలసిన జవాబు ఆయన కథలో ఉంది. ఈ వ్యాసం ఆ జవాబే. కొంచెం పొడుగైంది, మన్నించాలి.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. నేను హైస్కూల్లో ఉండగా ఆయనకి ఇరవైనాలుగు గంటల నొప్పి వచ్చింది. అపెండిసైటిస్‌ని మా వైపు అలాగే అంటారు. దగ్గర్లో ఉన్న పట్నంలో ఆపరేషను చేశారు. ముప్పావుగంటలో కోత, కుట్లు అన్నీ అయిపోయాయి. కాని మనిషి ఊపిరి తీసుకోలేదు. వేలు కదల్లేదు, కనురెప్ప లేవలేదు. మత్తు డాక్టరుగారు రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ, తను అలిసిపోతే నర్సుచేత నొక్కిస్తూ, సాయంత్రం దాకా ఆయనకి ఊపిరి పోశారు. చీకటిపడే వేళకి మామయ్య తనంతట తను దగ్గాడు. మా అమ్మమ్మ పెనుగొండ వెళ్ళి వాసవీ అమ్మవారికి మొక్కు చెల్లించుకుంది. ఊళ్ళోవాళ్ళు "మందు ఎక్కువిచ్చి చంపబోయారు" అన్నారు. చాలా ఏళ్ళ తరవాత మామయ్య నాతో ఒక మాట అన్నాడు: "ఒరేయ్, మధ్యలో నాకు మెలకువ వచ్చిందిరా. వాళ్ళు మాట్లాడుకునేవన్నీ వినపడుతున్నాయి. బతికే ఉన్నానని చెబుదామంటే నాలుక కదల్లేదు."

మందు ఎక్కువ ఇవ్వలేదు. ఆ డాక్టరుగారి తప్పూ లేదు. ఆయన చేసినదే సరైన వైద్యం. ఈ సంగతి నాకు అమెరికా వచ్చిన చాలాకాలానికి, పిత్తాశయం తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు తెలిసింది. "మీ కుటుంబంలో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా?" అని అక్కడి మత్తు డాక్టరమ్మ అడిగింది. ఫారంలో ఆ ప్రశ్నకి "లేదు" అని నేను అప్పటికే గీత పెట్టేశాను. మాటల్లో మాత్రం మామయ్య కథ బయటపడింది. "అంకుల్" అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, "ఏ అంకుల్? అమ్మ వైపా, నాన్న వైపా? రక్తసంబంధమా, పెళ్ళివల్ల వచ్చిన చుట్టరికమా?" అని వరసగా అడిగింది. అదే తెలుగులో అయితే మేనమామ అన్న ఒక్క మాటతో సరిపోయేది!

ఆమె అనుమానం ఒక జన్యువు మీద. దాని సంగతి చెప్పాలంటే ముందు కండ ఎలా కదులుతుందో చెప్పాలి.

మనం చెయ్యి ఎత్తాలనుకున్నప్పుడు నరం చివరనుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చుక్కంత బయటికి వస్తుంది. అది కండ మీద ఉన్న కాలింగ్ బెల్ నొక్కుతుంది, కండ ముడుచుకుంటుంది. బెల్ నొక్కిన వేలు వెంటనే తియ్యాలి కదా, లేకపోతే రెండోసారి మోగదు. ఆ వేలు తీసే పని ఒక ఎంజైముది. ఎసిటైల్‌కోలిన్‌ని అది క్షణంలో ముక్కలు చేసేస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపల వందలసార్లు జరిగిపోతూ ఉంటుంది.

ఇప్పుడు సక్సినైల్‌కోలిన్ అనే మందు చూడండి. రెండు ఎసిటైల్‌కోలిన్‌లని వీపుకి వీపు అతికించినట్లు ఉంటుంది. 1950ల మొదట్లో ఆపరేషన్లలో వాడుకకి వచ్చింది. ఇది కూడా వెళ్ళి ఆ బెల్ నొక్కుతుంది, కాని వేలు తియ్యదు. కండలు ఒక్కసారి జలదరించి, ఆపైన మెత్తబడి పడిపోతాయి. డాక్టర్లకి కావలసిందీ అదే. గొంతులోంచి ఊపిరిగొట్టంలోకి ట్యూబు వెయ్యాలంటే దవడ, గొంతు వదులవ్వాలి. ఈ మందు నిమిషంలో పని మొదలుపెట్టి, అయిదు పది నిమిషాల్లో దిగిపోతుంది. కడుపునిండా తిని ప్రమాదంలో పడినవాళ్ళకీ, హఠాత్తుగా సిజేరియన్ చేయవలసిన తల్లులకీ ఇంత తొందరగా పనిచేసే మందు కావాలి. అందుకే దీన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

అయిదు పది నిమిషాల్లో అది ఎలా దిగిపోతుంది? కండ దగ్గరున్న ఎంజైము దీన్ని ముట్టుకోలేదు. ఆ పని చేసేది రక్తంలో తిరుగుతూ ఉండే రెండో ఎంజైము. కాలేయంలో తయారవుతుంది. పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్. సూదిమందు రక్తంలో పడ్డ క్షణంనుంచీ ఇది దాన్ని కొరుక్కుతింటుంది. ఇచ్చిన మందులో చాలా భాగం కండదాకా చేరనే చేరదు, దారిలోనే అయిపోతుంది. ఆ కాస్తా చేరినదానికే మనిషి పడిపోతాడు. మరి ఈ ఎంజైము లేని మనిషికి అదే మోతాదు ఇస్తే? మొత్తం మందు కండలకి చేరుతుంది, తీసేవాళ్ళు లేరు. నిమిషాల పని గంటలు పడుతుంది. మా మామయ్యకి జరిగింది ఇదే. మత్తు వేరు, ఈ మందు వేరు. మత్తు దాని దారిన అది దిగిపోయింది, కండలు మాత్రం లేవలేదు.

వైద్యులు దీన్ని చాలాకాలంగా "సూడో" కోలినెస్టరేజ్ అంటున్నారు. అంటే దొంగ కోలినెస్టరేజ్ అన్నమాట. అసలు ఎంజైముకి ఉన్నట్టు దీనికి ఒంట్లో ప్రత్యేకమైన పనేమీ కనబడలేదని ఆ పేరు పెట్టారు. పాపం, ఇంత ఉపకారం చేసేదానికి ఆ పేరు అన్యాయం అని నా అభిప్రాయం.

ఈ ఎంజైముని తయారుచేసే విధానం రాసి ఉన్న జన్యువు పేరు బీసీహెచ్ఈ. మన 23 జతల క్రోమోజోముల్లో మూడో జతలో, పొడుగు చెయ్యి మీద ఉంటుంది. 574 అమైనో ఆమ్లాలని దండలో పూసల్లాగా ఏ వరసలో గుచ్చాలో అందులో ఉంటుంది. దండ సరిగా కుదిరితే మడతపడి ఎంజైము అవుతుంది.

ఈ మందు పడనివాళ్ళు కొందరున్నారని దాన్ని వాడుకలోకి తెచ్చిన కొద్దికాలానికే తెలిసింది. కెనడాలో టొరాంటోలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త 1957లో ఒక చక్కటి ఉపాయం కనిపెట్టారు. డిబ్యుకేన్ అనే మందు కలిపితే మామూలు ఎంజైము పని నూటికి ఎనభై వంతులు ఆగిపోతుంది. తేడా ఉన్న ఎంజైము పని నూటికి ఇరవై వంతులే ఆగుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరినుంచి మంచిదీ, ఒకరినుంచి తేడాదీ వచ్చినవాళ్ళకి ఇది మధ్యలో, అరవై దగ్గర ఉంటుంది. "డిబ్యుకేన్ నంబరు" పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది. మందు పడటం, పడకపోవడం వంశంలో వస్తుందని గట్టిగా రుజువు చేసిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. యూరప్ సంతతివాళ్ళలో ఈ ఇబ్బంది తీవ్రంగా ఉండేది కొన్ని వేల మందికి ఒకరికి. కాబట్టి పాశ్చాత్య వైద్యగ్రంథాల్లో ఇది అరుదైన విషయం.

మనలో కొందరికి మాత్రం ఇది అంత అరుదు కాదు. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయంలో బూపతిగారి బృందం, ఇక్కడ నెబ్రాస్కాలో ఒమాహాలోని విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఉన్న ఒక్సానా లాక్రిడ్జ్ గారితో కలిసి, వైశ్య కుటుంబాలవాళ్ళ రక్తం పరీక్షించి 2006లో ఒక సంగతి ప్రకటించారు. ఈ జన్యువులో ఒకేఒక్క అక్షరం మారింది. టి ఉండవలసినచోట సి పడింది. దానివల్ల దండలో 307వ పూస లూసీన్ బదులు ప్రోలీన్ అయింది. ప్రోలీన్ మొండి పూస, దండని ఉన్నచోటే వంచేస్తుంది. అలా వంగిన దండ ఎంజైముగా నిలబడలేదు. తల్లినుంచీ తండ్రినుంచీ కూడా ఈ మార్పు వచ్చినవాళ్ళ రక్తంలో ఎంజైము దాదాపు కనబడదు. మన గుణింతంలో ఒక్క దీర్ఘం మారితే అర్థం ఎటుపోతుందో పిల్లలకి రోజూ చెబుతూనే ఉంటాం. ఇదీ అలాంటిదే.

అలాంటివాళ్ళు రోగిష్టులా అంటే, కాదు. కోయంబత్తూరు బృందమే ఎంజైము లేనివాళ్ళ ఆరోగ్యం పరిశీలించి 2007లో మరో నివేదిక ఇచ్చింది. వాళ్ళు అందరిలాగే ఆరోగ్యంగా ఉన్నారు, అందరిలాగే పిల్లల్ని కన్నారు. ఎనభై ఏళ్ళు బతికినా ఈ లోపం ఉన్నట్టు తెలియకపోవచ్చు. ఆపరేషను బల్ల మీద ఒక్క సూదిమందు పడితే తప్ప దాని పేరు కూడా మన చెవిన పడదు. తెలుసుకోవలసిన అవసరం ముందే ఉంది, తెలిసే అవకాశం తరవాత వస్తుంది. చిక్కంతా అక్కడే.

ఈ మార్పు వైశ్యుల్లోనే ఎందుకు పేరుకుంది? దీనికి జవాబు హార్వర్డులోని డేవిడ్ రైక్ బృందం, హైదరాబాదు సీసీఎంబీలోని కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ గార్ల బృందం కలిసి చేసిన పనిలో దొరికింది. 2009లో వాళ్ళు అచ్చువేసిన పరిశోధన ప్రకారం, ఈనాటి ఆర్యవైశ్యుల జన్యువుల్లో ఎక్కువభాగం రెండుమూడు వేల ఏళ్ళ క్రితం బతికిన ఒక చిన్న గుంపునుంచి వచ్చాయి. ఆ తరవాత సంతతి లక్షల్లో పెరిగింది, కాని బయటినుంచి కలిసింది చాలా తక్కువ. పక్కవీధిలో ఉంటూ, వాళ్ళ దుకాణంలో సరుకులు కొంటూ, ఒకే భాష మాట్లాడుతూ, వందతరాల పాటు పెళ్ళిసంబంధం కలుపుకోకుండా ఉండగలగడం చూసి ఆ శాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారు. మనకి అందులో ఆశ్చర్యం ఏమీ కనబడదు. అదే అసలు ఆశ్చర్యం.

మూలపురుషుల గుంపు చిన్నదైనప్పుడు అందులో ఏ ఒక్కరికో ఉన్న అక్షరదోషం కూడా సంతతితోపాటు పెరుగుతుంది. పదిమంది ఉన్న బడిలో ఒకరు పాఠం తప్పుగా రాసుకుంటే, తరవాతి తరగతులన్నీ ఆ పదిమంది పుస్తకాలు చూసే రాసుకుంటాయనుకోండి, ఆ తప్పు ఎంతమందికి చేరుతుంది? ఇలా జరిగింది కాబట్టే, ఇతరులతో పోలిస్తే వైశ్యుల్లో ఈ లోపం సుమారు వందరెట్లు ఎక్కువని ఇదే శాస్త్రవేత్తలు 2017లో రాశారు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. మేనరికాల వల్లనా? కొంత తోడ్పడవచ్చు, కాని అసలు కారణం అది కాదు. మాలో 102 గోత్రాలు ఉన్నాయంటారు. సగోత్రం చేసుకోకూడదు. మా తాతగారు గోత్రం వేరని చూసుకుని, వేరే జిల్లానుంచి, ఏ చుట్టరికమూ లేని సంబంధం తెచ్చుకున్నామని ధైర్యంగా ఉండేవారు. కాని గోత్రాలు 102 అయినా అవన్నీ ఆ చిన్న గుంపులోంచే విడివడిన కొమ్మలు. చెట్టు ఒకటే. చుట్టరికం మనకి గుర్తులేదు, జన్యువుకి గుర్తుంది.

ఇది ఒక్క కులం సంగతే అనుకుని మిగతావాళ్ళు పేజీ తిప్పెయ్యకండి. 2017 నాటి ఆ పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సముదాయాలని పరిశీలిస్తే, 81 సముదాయాల్లో ఈ చిన్నగుంపు ప్రభావం యూరప్‌నుంచి వచ్చిన అష్కెనాజీ యూదుల్లోకంటే, ఫిన్‌లాండువాళ్ళలోకంటే బలంగా కనిపించింది. ఆ 81లో 14 సముదాయాల జనాభా పదేసి లక్షలు దాటినదే. ఒక్కొక్కరి దండలో వంకర పూస ఒక్కొక్కచోట ఉంటుంది. మాది ఎక్కడుందో తెలిసింది, అంతే తేడా. తెలిసినందుకు సిగ్గుపడవలసిందీ లేదు, ఎదుటివాళ్ళని వేలెత్తి చూపవలసిందీ లేదు.

యూదులు ఈ పనిలో మనకంటే చాలా ముందున్నారు. టే-శాక్స్ అనే జబ్బుతో తన పిల్లలు నలుగురిని పోగొట్టుకున్న రబ్బై జోసెఫ్ ఎక్‌స్టీన్ 1983లో న్యూయార్కులో "దోర్ యెషోరిమ్" అనే సంస్థ పెట్టారు. పెళ్ళిచూపులకి ముందే ఇద్దరి రక్తం పరీక్షించి, ఇద్దరికీ ఒకే దోషం ఉంటే ఆ సంబంధం వద్దని చెబుతారు. మన జన్యువు విషయంలో అంత అవసరం లేదనే నేననుకుంటాను. ఒకటే మందు మానుకుంటే సరిపోయేదానికి సంబంధాలు వదులుకోవడం ఎందుకు?

ఈ జన్యువుకి వేరే జబ్బులతో ముడి ఉందా అని కూడా వెతుకుతున్నారు. ముఖ్యంగా మతిమరుపు తెచ్చే ఆల్జైమర్స్. మెదడులో పేరుకునే ఎమిలాయిడ్ పొరలని స్కాన్ చేసి, జన్యువులన్నిటినీ జల్లెడపట్టిన 2014 నాటి ఒక అధ్యయనంలో బీసీహెచ్ఈ ఉన్న చోటు కూడా పైకి తేలింది. ఈ ఎంజైముని కాస్త బలహీనపరిచే "కె" అనే మరో రకం మార్పు మీద 1990లనుంచీ వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. ముప్పు పెంచుతుందని ఒకరంటే, కాదని ఇంకొకరన్నారు. ఆల్జైమర్స్‌కి ఇచ్చే రివాస్టిగ్మిన్ అనే మందు ఈ ఎంజైముని కూడా అణుస్తుంది. కాబట్టి ఇది లేనంతమాత్రాన మతిమరుపు వస్తుందని ఎవరూ బెంగపెట్టుకోనక్కరలేదు.

మన ఊళ్ళకి దగ్గరి సంగతి ఇంకొకటుంది. పత్తిచేలలో కొట్టే పురుగుమందుల్లో చాలావాటి దెబ్బ ఈ ఎంజైముల మీదే. పురుగుమందు ఒంట్లోకి పోయిందని ఆసుపత్రికి తెస్తే, అక్కడ రక్తంలో కొలిచేది తరచుగా ఈ బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్‌నే. ఎంజైము పడిపోతే విషం పోయిందని గుర్తు. పుట్టుకతోనే అది లేని మనిషి వేరే జబ్బుతో వెళ్ళినా, ఆ అంకె చూసి విషం తాగాడని పొరబడే ప్రమాదం ఉంది. డాక్టరుకి ఈ వంశం సంగతి తెలిసి ఉంటే ఆ పొరపాటు రాదు.

ఇక చెయ్యవలసింది. పెద్దవాళ్ళకి ఫోను చేసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మన ఇంట్లో ఎవరైనా ఆపరేషను తరవాత లేవడానికి చాలాసేపు పట్టిందా? "బీపీ ఉందా, షుగరుందా" అన్నది అందరం అడుగుతాం, ఇది అడగం. వాళ్ళు మా ఊళ్ళోవాళ్ళలాగే "మందు ఎక్కువిచ్చారు" అని చెబుతారు, అంతటితో వదిలెయ్యకండి. ఉందని తేలితే, ఆ మనిషి తోబుట్టువులకి ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అదే లోపం ఉండే అవకాశం ఉంది. వాళ్ళు ముందు పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష మామూలు రక్తపరీక్షే. "సూడోకోలినెస్టరేజ్" అని డాక్టరునడిగితే రాసిస్తారు. కాని అడగకుండా ఎవరూ చెయ్యరు. ఇంటికి తెప్పించుకునే డీఎన్ఏ డబ్బాలు కొన్ని ఎంచుకున్న అక్షరాలనే చదువుతాయి. అందులో ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండకూడదు. ఫారంలో "ఏషియన్ ఇండియన్" అన్న గడిలో గీత పెట్టినంతమాత్రాన ఇక్కడి డాక్టరుకి మన వంశం సంగతి తెలియదు. నోరు విప్పి మనమే చెప్పాలి.

చెబితే ఇబ్బందేమీ లేదు. సక్సినైల్‌కోలిన్ బదులు రోక్యురోనియం అనే మందు వాడతారు. దాన్ని వెంటనే దింపే సుగమ్మడెక్స్ అనే విరుగుడు ఇండియా, యూరప్‌ల సంగతి ఎలా ఉన్నా, అమెరికాలో 2015 డిసెంబరులో అనుమతి పొందింది. పొరపాటున సక్సినైల్‌కోలిన్ ఇచ్చినా, ఎంజైము లేని సంగతి ముందే తెలిస్తే మనిషిని నిద్రలోనే ఉంచి, అది దిగేదాకా మెషీనుమీద ఊపిరి పోస్తారు. మామయ్యలాగా మెలకువతో పడి ఉండవలసిన గతి పట్టదు.

నా పరీక్షలో ఎంజైము సగం ఉందని వచ్చింది. అంటే అమ్మ వైపునుంచి ఒక వంకర పూస, నాన్న వైపునుంచి ఒక మంచి పూస వచ్చాయన్నమాట. ఒకటి మంచిదైతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని వేరే మందే వాడింది. ఆ రాత్రే మామయ్యకి ఫోను చేశాను. అప్పటికి ఆయన కూతురు డాలస్ దగ్గర నిండు గర్భిణి. ఆమెకి పరీక్ష చేయిస్తే ఎంజైము దాదాపు సున్నా! మా అత్తయ్య వైపునుంచి కూడా అదే పూస వచ్చిందన్నమాట. మామయ్యకీ అత్తయ్యకీ గోత్రాలు వేరు, జిల్లాలు వేరు. కాన్పు చివరికి సిజేరియన్ అయింది. అప్పటికే ఆమె ఫైలుపైన ఎర్ర అక్షరాలతో ఆ సంగతి రాసిపెట్టారు. వెన్నులో ఇచ్చే మత్తుతో సాఫీగా జరిగిపోయింది.

మామయ్యకి ఇప్పుడు డెబ్బై దాటాయి. చొక్కా జేబులో కళ్ళజోడు వెనక ఒక కార్డు పెట్టుకుని తిరుగుతాడు. ఒకవైపు ఇంగ్లీషులో, రెండోవైపు తెలుగులో, తనకి సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం అనే మందులు ఇవ్వకూడదని రాసి ఉంటుంది. తెలుగు వైపు రాసింది మా అమ్మాయి. మొదటిసారి "ఇవకండి" అని వత్తు లేకుండా రాస్తే, మామయ్య వీడియోలో చూసి దిద్దించి, మళ్ళీ రాయించాడు.